ఒక నూలు తక్కువ

ఆ ఎండాకాలం నా మనవరాలికి భిన్నాలు రావని చెప్పి నా దగ్గర కూర్చోబెట్టారు. నమ్మాను. సొంత కోడలు చెబితే నమ్మక ఏం చేస్తాం?

నాది పటాలు కట్టే షాపు. గది ఒకటే. వెనక గోడకు కర్ర బద్దలు నిలబెట్టి ఉంటాయి. పక్కన అద్దాల అర, మధ్యలో పెద్ద బల్ల. పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్లు, పోయినవాళ్ల మొహాలు, ఆ వీధిలో గోడకు వేలాడే పటాల్లో నా చేతి మీదుగా పోనిది లేదు. ఈ పనిలో మరిచిపోకూడనిది ఒక్కటే. చట్రం గాడి ఎంత ఉందో అద్దం అంతకన్నా ఒక నూలు తక్కువ కోయాలి. అంగుళాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నూలు. ఆ సందు ఉండాలి. లేకపోతే వానలకు కర్ర ఉబ్బి అద్దాన్ని కొరుకుతుంది.

నా భార్య బల్లకు అవతల స్టూలు మీద కూర్చునేది. నేను కొలత గట్టిగా చెబితే సుద్దముక్కతో రాసేది. అద్దం మీద గీత పెట్టబోయే ముందు ప్రతిసారీ అడిగేది.

"నూలు వదిలారా?"

"వదలకుండా కోస్తానా? నాకేమన్నా పిచ్చా?"

పెళ్లయిన నాటి నుంచీ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. కిందటి వానల్లో ఆమె పోయింది. స్టూలు అక్కడే ఉంది. ఆమె ఫొటో బల్ల సొరుగులో ఉంది. ఊళ్లో అందరికీ పటాలు కట్టినవాణ్ని, ఆమెకు కట్టలేదు. కొలిచాను. కోయలేదు.

ఆ తర్వాత ఒకసారి ఒకరి పెళ్లి ఫొటో ఇంకొకరి చట్రంలో బిగించి పంపాను. పెళ్లికూతురి తల్లి పటం చంకన పెట్టుకుని వచ్చింది. "అబ్బాయి బాగానే ఉన్నాడండీ, కానీ మా అల్లుడు కాదు" అంది. వీధంతా నవ్వింది. పక్క షాపు జిరాక్సువాడు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నా కొడుకు మాత్రం నవ్వలేదు. వాడు కరెంటాఫీసులో గుమాస్తా. వాడికి నవ్వు తొందరగా రాదు.

"నాన్నా, ఈ ఎండాకాలం గడవనీ. తర్వాత షాపు సంగతి ఆలోచిద్దాం" అన్నాడు.

"ఆలోచించడానికేముందిరా? పొద్దున్నే తీస్తాను, సాయంత్రం మూస్తాను."

గది వాడి పేరు మీద తీసుకున్నది. నేనది ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. తాళం నా మొలలో ఉండేది, అంతే తెలుసు నాకు.

సెలవులు ఇచ్చిన వారంలోనే కోడలు షాపుకు వచ్చింది. బడిలో లెక్కల టీచరు. చేతిలో కాగితాల కట్ట, వెనక నా మనవరాలు. దాన్ని ఇంట్లో అందరం బుడంకాయ అంటాం. గుండ్రంగా, నున్నగా ఉంటుంది, ఎటు తోస్తే అటు దొర్లుతుంది.

"మామయ్యా, మీరొక సాయం చెయ్యాలి. దీనికి భిన్నాలు అస్సలు ఎక్కట్లేదు. కూడమంటే ఏడుపు, తీసెయ్యమంటే కడుపునొప్పి."

"ఊరందరికీ చెప్తావుగా అమ్మాయ్, నీ కూతురికి చెప్పలేవా?"

"నా మాట వింటేగా! టీచరు కూతురికి చదువబ్బదంటారు కదా. మీరు రోజూ నూళ్లు, పావులు అంటూ ఉంటారు. మీ దగ్గరైతే తేలిగ్గా పట్టుకుంటుంది. చూడండి, ఆటలు కూడా అచ్చు వేయించుకొచ్చాను. ఆడుకుంటూ నేర్చుకోవచ్చు."

బల్ల మీద పరిచింది. ఒక కాగితం మీద రైలు పట్టాలు మెలికలు తిరుగుతూ ఉన్నాయి. సున్నా దగ్గర బయలుదేరి ఒకటి, రెండు, మూడు అంటూ స్టేషన్లు. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య ఎనిమిది చెక్కలు. ఇంకో కాగితం నిండా చిన్న చీట్లు, కత్తిరించుకోవాలి. ఒక చీటీ మీద ముప్పావు ముందుకు, ఇంకో చీటీ మీద మూడు బై ఎనిమిది వెనక్కి, ఇలాగ. చీటీ తియ్యాలి. బండి ఎక్కడికి చేరుతుందో ముందు నోటితో చెప్పాలి. తర్వాత చెక్కలు లెక్కపెట్టుకుంటూ జరపాలి. చెప్పినచోటికే వస్తే ఇంకో చీటీ. రాకపోతే అవతలివాళ్ల వంతు.

"నేను ఆడాలా దీనితో?"

"మీరాడితేనే అదీ ఆడుతుంది మామయ్యా."

బుడంకాయ నా వంక చూసింది. ఏడుపు మొహమే పెట్టింది. బాగా పెట్టింది.

కాగితాలు అట్టకు అంటించాను. చీట్లు స్కేలు పెట్టి కోశాను. బండ్ల కోసం కర్ర ముక్కలు రెండు చెక్కి, ఒకదానికి ఎర్రరంగు, ఒకదానికి పచ్చరంగు వేశాను. మిట్టమధ్యాహ్నం గిరాకీ ఉండదు. తలుపు సగం దించుకుని, ఫ్యాను కింద, స్టూలు మీద అది, కుర్చీలో నేను. నా భార్య పోయాక ఆ స్టూలు మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. దాన్ని కూర్చోనిచ్చాను.

మొదటిరోజే తేడా వచ్చింది. నా ఎర్రబండి రెండుంముప్పావు దగ్గర ఉంది. చీటీ తీస్తే అయిదు బై ఎనిమిది ముందుకు.

"మూడుంపావు" అన్నాను. ఆలోచించే పనే లేదు నాకు.

బుడంకాయ బండి పట్టుకుని చెక్కచెక్కా లెక్కపెట్టింది. పావు దాటి ఇంకో చెక్క మీద ఆగింది.

"తప్పొచ్చింది తాతా."

"ఏదీ, ఇటివ్వు. ఎక్కడో చెక్క ఒకటి ఎక్కువ గీశాడు వెధవ. జిరాక్సువాడి మిషను ముసలిదైపోయింది."

మళ్లీ చీటీ. మళ్లీ ఒక చెక్క తేడా. నాలుగో స్టేషనులో ఉన్న బండి మూడు నూళ్లు వెనక్కి రావాలి. మూడున్నర అన్నాను. ఇంకో చెక్క ఇవతలే ఆగింది.

"తాతా, నువ్వు బండిని ఎప్పుడూ ఔటర్లోనే ఆపేస్తావు. ప్లాట్‌ఫారం మీదికి తీసుకురావేంటి?"

నవ్వొచ్చింది. ఏడాదిలో మొదటిసారి అనుకుంటాను. కానీ కాగితం మీద కోపం పోలేదు. దాన్ని తీసుకుని పక్క షాపుకు వెళ్లాను.

జిరాక్సువాడు నాకన్నా చిన్న. వాడు షాపు పెట్టినరోజు మొదటి పటం నేనే కట్టిచ్చాను. వాళ్ల నాన్న ఫొటో. మధ్యాహ్నాలు ఇద్దరం ఒకే ఫ్లాస్కులో టీ తాగేవాళ్లం. మా రెండు షాపులకూ మధ్య ఇటుక మందం గోడ. నేను తుమ్మితే అటునుంచి "చిరంజీవ" అనేవాడు.

"ఏరా, ఏం కొట్టావురా ఇది? చెక్కలు తప్పుగా పడ్డాయి. చిన్నపిల్ల చదువు పాడు చేస్తావా?"

వాడు కాగితం వెలుతురుకు పెట్టి చూశాడు. ఒకసారి చెక్కలు లెక్కపెట్టాడు. పెదాలు కదలడం చూశాను నేను. తర్వాత నా మొహం వంక చూశాడు.

"అవునన్నా" అన్నాడు. "ఇంకు అయిపోవచ్చింది. గీతలు అటూ ఇటూ అవుతున్నాయి. వేరేది కొట్టిస్తాలే."

"ఆ చూసుకో."

"టీ తాగుతావా?"

తాగి వచ్చాను. వేరేది కొట్టిచ్చాడు. అందులోనూ అదే తేడా. వీడి చేత ఎన్నిసార్లు కొట్టించినా ఇంతే అనుకుని వదిలేశాను.

రోజులు అలా పోయాయి. ఎండ ముదిరింది. కోడలు రైలాట తర్వాత కప్పలాట తెచ్చింది, కొలను మీద రాళ్లు, రాయికీ రాయికీ మధ్య పావులు. తర్వాత నిచ్చెనలాట. ఏ ఆటైనా బుడంకాయకు రైలే ఇష్టం. నాకూ అంతే. పావంటే రెండు నూళ్లు, అర అంటే నాలుగు, ముప్పావంటే ఆరు, అన్నీ నూళ్లలోకి మార్చుకుంటే ఇక ఏడవాల్సిన పనేముందని చెప్పాను. వేళ్లు మడిచి లెక్కపెట్టేది. తప్పులు చెప్పేది. నేను దిద్దేవాణ్ని. దిద్దినప్పుడల్లా "అబ్బో!" అనేది. పిల్లలకు అంత నటన ఎక్కణ్నుంచి వస్తుందో నాకు తెలియదు.

ఒకరోజు బండి జరపబోతూ ఉంటే అడిగింది.

"తాతా, నూలు వదిలారా అంటే ఏంటి?"

"ఎవరన్నారు?"

"నువ్వే. చీటీ తీసినప్పుడల్లా లోపల్లోపల అనుకుంటావు. వదిలారా, వదిలారా అని."

నేనలా అంటున్నానని నాకు తెలియదు.

"మీ నానమ్మ మాట" అన్నాను.

"అంటే?"

"ఆడు. నీ వంతు."

సాయంత్రం ఇంటికి వెళ్లగానే కోడలు కూతుర్ని వంటింట్లోకి పిలిచేది. "ఇవాళ ఎవరు గెలిచారే?" అని గొంతు వినిపించేది. తర్వాత గుసగుసలు. పిల్ల చదువు మీద తల్లికి ఎంత శ్రద్ధో అనుకున్నాను. భోజనాల దగ్గర కొడుకు నా కంచం వంక కాక నా మొహం వంక చూసేవాడు. "బాగానే ఉన్నావా నాన్నా?" అనేవాడు. నాకేం, బ్రహ్మాండంగా ఉన్నాననేవాణ్ని. నిజంగానే ఉన్నాను. తెల్లవారితే షాపుకు పోవాలనిపించేది. సొరుగులోంచి ఆమె ఫొటో తీసి బల్ల మీద పెట్టి, దానికి ఏ కర్ర అయితే బాగుంటుందో చూసుకోవడం కూడా మొదలుపెట్టాను. సెలవులు అయ్యేలోగా కట్టేద్దాం, బుడంకాయ చేత సుద్దముక్కతో కొలత రాయిద్దాం అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం రొట్టెల దుకాణం ఆవిడ వచ్చింది. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. వాళ్లబ్బాయి ఆటల పోటీల్లో కప్పు గెలిచాడట. ఫొటో తెచ్చింది.

"పటాలాయనా, చుట్టూ తెల్లట్ట అంచు పెట్టు, గొప్పగా ఉండాలి. కానీ మా ఇంట్లో రెండు కిటికీల మధ్య పట్టాలి. అట్టతో కలిపి వెడల్పు ఎంతొస్తుందో ఇప్పుడే చెప్పు. లేకపోతే మా ఆయన నన్నే గోడకి వేలాడదీస్తాడు."

"మిమ్మల్ని మొయ్యాలంటే గోడకి మేకులు చాలవులెండి" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. నేను నిచ్చెన మీద ఉన్నాను, పై అరలో తెల్లట్ట వెతుకుతూ. ఫొటో కింద బల్ల మీద ఉంది. టేపు పెట్టి ఆవిడే చూసింది.

"పదకొండు, ఆ పక్కన చిన్న గీతలు మూడు."

"పదకొండుం మూడు నూళ్లు. అట్ట అటూ ఇటూ ఒకటిన్నరా ఒక నూలు పెడదాం. మొత్తం..."

"పద్నాలుగున్నర, ఇంకో నూలు" అంది బుడంకాయ.

తలెత్తలేదు. వేళ్లు మడవలేదు. పచ్చబండి చక్రాలకు రంగు వేసుకుంటోంది. ఈగను తోలినట్టు చెప్పేసింది.

రొట్టెలావిడ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "ఓర్నీ! ఇంత చురుకేంటే నువ్వు? క్లాసులో ఫస్టా?"

"లెక్కల్లో ఎప్పుడూ నేనే..." అని ఆగిపోయింది. బ్రష్షు కింద పెట్టింది. నిచ్చెన మీదున్న నా వంక చూసింది.

నేను అట్ట తీసుకుని కిందికి దిగాను. టేపు పెట్టి చూశాను. పద్నాలుగున్నర, ఇంకో నూలు. ఆవిడకు అదే చెప్పాను. ఎప్పుడివ్వాలో అడిగాను. ఆవిడ వెళ్లింది. తలుపు సగం దించాను, రోజూ దించినట్టే.

"ఎప్పట్నుంచి వచ్చు నీకు?"

"ఏంటి తాతా?"

"భిన్నాలు."

రంగుసీసా మూత అటూ ఇటూ తిప్పింది.

"పోయిన క్లాసులోనే వచ్చు."

"మరి ఏడుపెందుకు, కడుపునొప్పెందుకు?"

"అమ్మ అలా చెయ్యమంది. నీతో ఆడమంది. నువ్వు ఏం చెప్పావో గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పమంది."

"ఎందుకట?"

"నీ బుర్ర ఎలా ఉందో చూడ్డానికి. డాక్టరు దగ్గరికి రమ్మంటే నువ్వు రావని. ఆటైతే నీకు తెలీదని."

"బుర్ర బాలేదనుకో. అప్పుడు?"

"షాపు మూసేస్తారంట. జిరాక్సు మామయ్య మధ్యలో గోడ తీసేసి తనే పెట్టుకుంటాడంట. అద్దం కోసుకుంటావేమోనని అమ్మకి భయం తాతా. నాన్నకి కూడా."

నేను బల్ల మీది చీట్లు ఏరి ఒకచోట పెట్టాను. అంచులు సమంగా ఉండేలా తట్టాను.

"నేనెలా ఆడుతున్నానని చెప్పావు?"

"నిజమే చెప్పాను. ఒక్కోసారి నువ్వు గెలవకపోయినా గెలిచావని కూడా చెప్పాను. ఒట్టు తాతా. అబద్ధం చెప్పాను నీకోసం."

"నాకోసం ఆడినవి చాలా ఉన్నాయిలే" అన్నాను. "దిగు. ఆ స్టూలు నీది కాదు."

పిల్లికి చెలగాటం అంటారు. ఇక్కడ పిల్లి కూడా కాదు, పిల్లికూన. దాని వయసుకు దానికేం తెలుసు, దాని తప్పేముంది అని తర్వాత చాలామంది అన్నారు. తెలుసు. నాకు లెక్క తప్పొచ్చినప్పుడల్లా నా కళ్లలోకి చూసి "అబ్బో" అనడం తెలుసు దానికి. పెద్దవాళ్లు తడిగుడ్డతో గొంతు కోస్తే, ఆ గుడ్డ తడిపి ఇచ్చింది అదే.

షాపు మూసి పక్కకు వెళ్లాను. జిరాక్సువాడు మిషను ముందు నిలబడి ఏవో కాగితాలు సర్దుతున్నాడు.

"ఇంకు వచ్చిందా?"

"ఏం ఇంకన్నా?"

"ఆ రోజు అయిపోవచ్చిందన్నావుగా. గీతలు అటూ ఇటూ అవుతున్నాయన్నావు."

వాడు మిషను ఆపేశాడు.

"నీ మనసు కష్టపెట్టడం ఎందుకని అన్నా. మీవాడు వచ్చి ఒక మాటన్నాడు. ఎవరో బయటివాడికి పోయేకన్నా..."

"చెక్కలు లెక్కపెట్టావు నువ్వు. సరిగ్గా ఉన్నాయని చూసి మరీ అవునన్నావు."

"అన్నా, కూర్చో. టీ..."

"మీ నాన్న పటం కట్టింది నేను. గోడకి అటువైపు నుంచి నా తుమ్ములు లెక్కపెట్టుకున్నావట్రా ఇన్నాళ్లూ?"

వాడు ఫ్లాస్కు మూత తీశాడు గానీ పొయ్యలేదు. నేను బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాను. నేనే అడిగాను, ఏం తేల్చారని. కొడుకు గోడ వంక చూశాడు. కోడలే మాట్లాడింది. దానికి ధైర్యం ఉంది, అది కాదనను.

"మిమ్మల్ని మోసం చెయ్యాలని కాదు మామయ్యా. ఎలా చెప్పాలో తెలియక. అత్తయ్య పోయిన దగ్గర్నుంచి మీలో మీరే మాట్లాడుకుంటున్నారు. ఆ పెళ్లి ఫొటో సంగతి చూశాం. అద్దాలతో పని. ఒక్కరే ఉంటారు."

"భిన్నాలు రావని పిల్లని పంపావు. సరే. నాకొచ్చాయా రాలేదా?"

"రావట్లేదు" అంది మెల్లగా. "ప్రతిసారీ ఒక్క నూలు తక్కువ చెప్తున్నారు. కూడినా అంతే, తీసేసినా అంతే. ఎక్కువా కాదు, రెండూ కాదు. ఒక్కటే తక్కువ. బుర్రలో ఎక్కడో ఒకచోట గీత పడిపోతే అలాగే ఒకే తప్పు మళ్లీమళ్లీ వస్తుందట. డాక్టర్ని అడిగాను."

ఒక్క నూలు తక్కువ.

అప్పుడు తెలిసింది నాకు. అంతవరకూ తెలియలేదు. నేను చెబుతున్నది కొలత కాదు, కోత. గాడి ఎంతో నోట్లో వేసుకుంటాను, బయటికి వచ్చేటప్పుడు అద్దం వస్తుంది. ఇన్నేళ్లుగా నా నోటికి వేరే దారి లేదు. పక్కన ఆమె ఉండి అడిగినన్నాళ్లూ అద్దానికి ఒక్కసారి వదిలి ఊరుకునేవాణ్ని. అడిగేవాళ్లు లేకపోయాక, రైలుకూ వదిలాను, కప్పకూ వదిలాను. అంతే జరిగింది.

ఒక్క మాట చాలు. అమ్మాయ్, నూలు ఎందుకు తగ్గిందో తెలుసా అని మొదలుపెడితే, లెక్కల టీచరు, సగంలోనే పట్టుకునేది. కొడుకు తలదించుకునేవాడు. తాళం నా మొలలోనే ఉండేది.

కోడలు చెప్పడం అయిపోయింది. నా వంక చూస్తోంది. ఎందుకు మామయ్యా అలా అంటున్నారు అని అడుగుతుందేమోనని చూశాను. ఇన్నాళ్లు నా తప్పులన్నీ పిల్ల చేత మోయించుకుంది కదా, ఒక్కదానికైనా కారణం అడుగుతుందేమోనని. కొడుకు వంక చూశాను. ఆ షాపులో బల్లకింద పాకుతూ పెరిగినవాడు. వాళ్లమ్మ ఆ మాట అడగడం పుట్టినప్పటి నుంచీ విన్నవాడు.

"నాన్నా, డాక్టర్నొకసారి చూద్దామా?" అన్నాడు.

మొలలోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాను.

"బండి ఔటర్లో ఆగిపోయిందిరా" అన్నాను. "ఇంక మీరు దిగి నడుచుకోండి."

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది కూడా బుర్ర చెడినవాడి మాటే అనుకుని ఉంటారు. బుడంకాయ ఒక్కతే ఏడ్చింది. ఈసారి నటన కాదు. నేను చూడలేదు.

రొట్టెలావిడ పటం కట్టి ఇచ్చేశాను. అదే ఆఖరుది. సెలవులు అయిపోయేసరికి రెండు షాపుల మధ్య గోడ పడగొట్టారు. కర్ర బద్దలు, అద్దాలు జిరాక్సువాడే తీసుకున్నాడు. పటాల పని కూడా చేస్తానని బోర్డు పెట్టాడు. స్టూలు నేను ఇంటికి తెచ్చుకున్నాను. రైలాట అట్ట కూడా దాంతోపాటు వచ్చింది. ఎవరు సర్దారో తెలియదు.

సొరుగులోని ఫొటో సంగతి అడగలేదు. నాకు గుర్తులేదని కాదు.

తొలకరి రోజుల్లో కోడలు దాన్ని తెచ్చింది, కట్టించి. వెడల్పాటి కర్ర, మంచి మెరుగు. నేను ఎంచింది కాదు గానీ చెడ్డది కాదు. హాల్లో గోడకు తగిలించి పక్కకు జరిగింది.

"మీకు ఇష్టమవుతుందని మామయ్యా. జిరాక్సు ఆయన ఎంత బాగా బిగించాడో చూడండి. గట్టిగా ఊపినా చప్పుడు లేదు."

"చప్పుడు లేదు" అన్నాను.

దగ్గరికి వెళ్లి చూడనవసరం లేదు. కుర్చీలోంచే తెలిసింది. అద్దం నాలుగు వైపులా గాడిని ఆనుకుని ఉంది. తీయించమని చెప్పొచ్చు. చెప్పలేదు. వాళ్లు అడగలేదు. పటంలో ఉన్న ఆమె వంక చూశాను. ఆమె అడిగి ఉండేది.

వానలు పట్టుకున్నాయి. ముసురు వదల్లేదు. తలుపులు మూసుకోవడం మానేశాయి, సొరుగులు తెరుచుకోవడం మానేశాయి. ఇంట్లో కర్ర అంతా ఒళ్లు చేసింది. ఒక మధ్యాహ్నం నేను టీ తాగుతూ ఉండగా గోడ మీద చిన్న చప్పుడైంది. వేలు విరిచినంత. పై మూల నుంచి గీత బయలుదేరి ఆమె నుదుటి మీదుగా, కంటి పక్క నుంచి, కింది అంచు దాకా పోయింది.

కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఎవరు ముట్టుకున్నారు? ఎవరూ ముట్టుకోలేదే!"

కొడుకు గోడ తడిమాడు. "చెమ్మకి అయ్యుంటుంది. మేకు కదిలిందేమో."

"అతన్ని పిలిచి మార్పిద్దాం. పాపం, ఎంత చక్కగా కట్టాడో" అంది కోడలు. ఇద్దరూ పటం దించి నా పక్కన స్టూలు మీద పెట్టి, గుడ్డ వెతకడానికి లోపలికి వెళ్లారు.

బుడంకాయ బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది, సంచి భుజానే ఉంది. షాపు మూసినప్పటి నుంచీ అది నాతో మాట్లాడుతుంది, నేను అవసరమైనంతే పలుకుతాను. దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. అద్దానికీ కర్రకూ మధ్య గోరు పెట్టి చూసింది. దూరలేదు. ఇంకో వైపు చూసింది. నాలుగు వైపులా చూసింది.

"తాతా, ఇందులో సందు లేదు."

నేను టీ తాగాను.

"నువ్వు కట్టే పటాల్లో ఉండేది కదా? కర్ర లావైతే అద్దానికి చోటుండాలి కదా?"

వాన చూరు మీది నుంచి పడుతోంది. దాని గోరు చట్రం అంచు మీద అలాగే ఆగిపోయింది. తలెత్తి నన్ను చూసింది. చీటీ చదివి మనసులో కూడుకునేటప్పుడు దాని కళ్లు ఎలా ఉండేవో నాకిప్పుడు తెలుసు.

"నూలు వదిలారా అంటే..." అంది. "అంటే రైల్లో కూడా నువ్వు... ప్రతిసారీ..."

లోపల కోడలు ఏదో సొరుగు లాగుతోంది, అది రావడం లేదు.

"అమ్మకి చెప్పనా తాతా?"

గ్లాసు కింద పెట్టాను.

"ఇన్నాళ్లూ నన్నడిగే చెప్పావా?" అన్నాను.